అధ్యక్షులవారి అట్లే

రామకృష్ణయ్యకు భగవంతుడు నోరిచ్చాడు, అందులో పెట్టడానికి ఒక్క మాటే ఇచ్చాడు. అట్లే.

అనంతపురం పాతూరులో వాళ్ళ నాయన పెట్టిన రిబ్బన్ల అంగట్లో ఆయన ఆ మాట నేర్చుకున్నాడు. "గిరాకీ ఏమడిగినా లేదనొద్దురా, అట్లే అను. చేసేది, చెయ్యనిది తర్వాత సంగతి" అని ఆ పెద్దాయన కొడుకును గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. తండ్రులు కొడుకులకు చెప్పేవి సవాలక్ష ఉంటాయి. వాటిలో తొంభై పాళ్ళు గాలికి పోతాయి. ఈ సుపుత్రుడు మాత్రం ఇదొక్కటీ ఒడిసి పట్టుకున్నాడు. బడిపిల్లల బ్యాడ్జీలు రేపటికల్లా కావాలంటే అట్లే. టై పొట్టిగా ఉంది, మార్చమంటే అట్లే. శాంతమ్మను చేసుకోమంటే అట్లే. బజారు మొగన ఉన్న అంగడి నాకు, సందులో ఉన్నది నీకు అని తమ్ముడంటే దానికీ అట్లే. ఇలా అరవై దాటేదాకా ఒక్కడితోనూ తగవు పడకుండా బతికాడు. ఊళ్ళో దాన్ని మంచితనం అన్నారు. మంచితనానికి ఇంత అన్యాయం ఇంకెవరూ చేసి ఉండరు.

ఎందుకంటే ఆయన అట్లేలో రెండు రకాలున్నాయి. తనకంటే పైవాడికి చెప్పిన అట్లే, ఆరునూరైనా జరిగి తీరుతుంది. కిందివాడికి చెప్పిన అట్లే అంగడి మెట్లు దిగేలోపే చచ్చిపోతుంది. రెండూ ఒకే గొంతులో, ఒకే చిరునవ్వుతో, ఒకే తల ఊపుతో వస్తాయి కాబట్టి తేడా కనిపెట్టడం కష్టం. శాంతమ్మకు మాత్రం కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. గంగిరెద్దు ఈయనకంటే నయం. అదైనా అందరికీ ఒకే తీరుగా తల ఊపుతుంది.

ఇలాంటి మనిషి కోసమే కాచుకున్నట్టు చమ్కీ కంపెనీ అనంతపురంలో దిగింది.

వచ్చినవాడు అనిల్ కుమార్. రాయలసీమ మొత్తానికి ఆ కంపెనీ తరఫు మనిషి, రామకృష్ణయ్యకు వరసకు మేనల్లుడు. అంగట్లో కూర్చుని సంచిలోంచి జిగేలుమనే కుచ్చులు రెండు తీసి, తమ కంపెనీ చీర్ లీడింగ్ సరుకు ఇదేనని ఊపాడు. చీర్ లీడింగ్ అనే మాట వినగానే రామకృష్ణయ్య రామ రామ అనుకున్నాడు. క్రికెట్టులో సిక్సర్ పడినప్పుడల్లా టీవీలో ఎగిరే పిల్లలే ఆయనకు గుర్తొచ్చారు. అనిల్ కుమార్ ఫోనులో ఇంకోటి చూపించాడు. బడిపిల్లలు జట్టుగా వచ్చి, ఒకరి భుజాల మీద ఒకరెక్కి నిలబడి, పైనున్న పిల్లను గాల్లోకి విసిరి మళ్ళీ పట్టుకుంటున్నారు. దానికి మార్కులు, పతకాలు, గెలుపోటములు.

"ఇది మన చెక్కభజనోళ్ళు కట్టే గోపురమే కదప్పా" అన్నాడు రామకృష్ణయ్య.

"అదే మామా. కాకపోతే వాళ్ళు చెక్కలు పట్టుకుంటారు, ఈళ్ళు మా కుచ్చులు పట్టుకుంటారు. జిల్లా సంఘానికి నిన్ను అధ్యక్షుణ్ణి చేస్తాం. ఈ జిల్లాలో మా సరుకు నీ అంగట్లో నుంచే పోవల్ల."

"అట్లే" అన్నాడు రామకృష్ణయ్య. ఆటకు ఆయన చేసిన తొలి సేవ అది.

ఆ ఆటకు రాష్ట్ర సంఘం ఒకటుంది. నియమాలు పెట్టేది, జట్లను ఒప్పుకునేది, పోటీలు జరిపేది, ఏదైనా తప్పు జరిగితే విచారించేది అంతా అదే. విజయవాడలో చమ్కీ గోదాము పై అంతస్తుకు దాని బోర్డు వేలాడుతూ ఉంటుంది. బోర్డు సంఘానిది, బీగం కంపెనీది. అధ్యక్షుడు కంపెనీ చైర్మన్ బావమరిది. కార్యదర్శి కంపెనీలో లెక్కలు రాసే ఆసామి. క్రీడాకారుల ప్రతినిధి అని ఒక అమ్మాయి ఉంది. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరి భుజమూ ఎక్కలేదు, కంపెనీ క్యాలెండరుకు బొమ్మగా మాత్రం నిలబడింది. ఇంత ముచ్చటైన సంఘం పెట్టిన నియమాలు ఎంత ముచ్చటగా ఉంటాయో వేరే చెప్పాలా? చమ్కీ బట్టలు వెయ్యని జట్టు జట్టు కాదు. చమ్కీ పరుపులు పరవని మైదానం మైదానం కాదు. చమ్కీ శిబిరానికి పోయిరాని టీచరు టీచరు కాదు. కంచే చేను మేస్తే ఎట్లా అని మన పెద్దలు వాపోయారు. కంచెనూ, చేనునూ, మేసే గొడ్డునూ ఒక్కడే కొనుక్కుంటాడని పాపం వాళ్ళు అనుకోలేదు.

రిబ్బన్ల అంగడి బోర్డు మీద 'జిల్లా అధ్యక్షులు' అని ఎర్రక్షరాలు వెలిశాయి. శాంతమ్మ వీధిలోకి వచ్చి చూసింది.

"ఆ ఆట సంగతి మీకేం తెలుసునని?"

"తెలిసేదేముండాది? మీటింగులో వాళ్ళు చెప్పినదానికి అట్లే అంటే చాలంట."

"అట్లయితే మీకంటే తగినోడు ఈ భూమ్మీద దొరకడులే" అని ఆమె లోపలికి పోయింది. రామకృష్ణయ్య దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

సంఘం ఎవరిదైనా, ఆట పిల్లలది. అనంతపురం జట్టును తయారు చేసింది అంజనమ్మ. గార్లదిన్నె హైస్కూల్లో ఆటల టీచరు, మడకశిర దిక్కున పేరున్న చెక్కభజన గురువు బసప్ప కూతురు. మెడలో విజిల్, నోట్లో ముక్కుసూటి మాట. అక్కడో బడి, ఇక్కడో బడి తిరిగి పిల్లల్ని ఏరుకొచ్చి, ఎండకు కాలిపోయే మైదానంలో ఒట్టి కాళ్ళతో గోపురాలు కట్టించింది. గోపురం పైన నిలబడేది అంజలి. వేరుశనగ చేలల్లో కూలికి పోయే యేసన్న కూతురు. ఆ పిల్ల పైకెక్కి చేతులు చాస్తే, దిగు అని అంజనమ్మ విజిల్ ఊదేదాకా రెప్ప కూడా కొట్టేది కాదు. కింద ఆమెను మోసేది చాందిని, రామకృష్ణయ్య మనమరాలు.

చాందిని బొద్దుగా ఉంటుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఆ పిల్లకు తిండి తగ్గించమని శాంతమ్మకు బోధించి, శాంతమ్మ పెట్టిన ఓళిగలు తానే తిని పోయేవాళ్ళు. అంజనమ్మ ఒక్కతే ఆ పిల్ల భుజం తట్టి, "నీ మాదిరి నిలబడేది ఎవురికీ రాదు పాపా. నువ్వు కదిలితే గోపురం లేదు" అంది. ఆ రోజు నుంచి చాందిని పాతూరు బజార్లో తల ఎత్తుకుని నడిచింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో లేదు, కాదు, వద్దు అనే మాటలు పలికేది ఆ పిల్ల ఒక్కతే. తాత ముఖం మీదే "నువ్వు చెప్పేది తప్పు తాతా" అనేది. ఊరంతటికీ తల ఊపే ముసలాయన ఆ పిల్ల కాదంటే మురిసిపోయేవాడు. ఆయనలో మనిషన్నవాడు ఏ మూలనైనా ఉన్నాడంటే అది అక్కడే.

రాష్ట్ర పోటీలు ఆ ఏడు అనంతపురానికి వచ్చాయి. పెద్ద కల్యాణమండపం ఒకటి మాట్లాడారు. చమ్కీ పరుపులు లారీలో దిగాయి. అవి ఇప్పటికే ఊరూరూ తిరిగి అరిగిపోయినవి. పరుపును పరుపుకు అతికించే పట్టీలకు పట్టు పోయింది. పోటీ రోజు పొద్దున్నే అంజనమ్మ వచ్చి, పాదంతో నొక్కి చూసింది. రెండు పరుపులు రెండు దిక్కులకు జరిగాయి. ఆమె చాందినిని వెంటబెట్టుకుని నేరుగా అతిథుల గదికి పోయింది. అక్కడ రామకృష్ణయ్య రాష్ట్ర అధ్యక్షుడికి కొసరి కొసరి ఉగ్గాణి, బజ్జీలు వడ్డిస్తున్నాడు. ఆయన్ని వాకిట్లోకి పిలిచింది.

"అన్నా, పరుపులు ఒకదాన్నొకటి పట్టుకోవడం లే. అడుగేస్తే మధ్యలో సందు వస్తాండాది. తాళ్ళతో బిగించి కుట్టియ్యల్ల, లేకుంటే ఆట ఆపల్ల. పైన పిల్లలుంటారు."

"అట్లేనమ్మా, అట్లే. నేను చూపిస్తా, నువ్వు పో" అన్నాడు రామకృష్ణయ్య, చిరునవ్వుతో, తల ఊపుతూ.

అంజనమ్మ నమ్మింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే. గార్లదిన్నెలో మనిషి అట్లే అంటే అట్లే. పాతూరు అట్లేలో రెండో రకం ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు?

రామకృష్ణయ్య అనిల్ కుమార్ దగ్గరికి పోయాడు, పోలేదని అనను. సంగతి చెప్పాడు కూడా. అనిల్ కుమార్ ఫోను చూసుకుంటూనే విన్నాడు.

"మామా, చైర్మన్ సారు ఆడ కూర్చుని లైవులో చూస్తాండారు. ఇప్పుడు పరుపు లేపితే మన పరువు పోతాది. పైన కంపెనీ పేరుండే తివాచీ పరిపిస్తా. సందు కనపడదు."

కనపడని సందు లేని సందు కాదని చిన్న పిల్లకైనా తెలుసు. రామకృష్ణయ్యకూ తెలుసు. ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. లోపల బజ్జీలు చల్లారుతున్నాయన్న సంగతి గుర్తొచ్చింది.

"అట్లే కానీ" అన్నాడు. ఇది మొదటి రకం. జరిగి తీరింది.

అంజనమ్మ జట్టుతో వచ్చేసరికి వేదిక నిండా ఎర్ర తివాచీ, దాని మీద బంగారు రంగులో చమ్కీ పేరు. "అన్న కుట్టించినట్టుండాడు, ఇంక భయం లేదు. ఎక్కండి" అంది పిల్లలతో. పాట మొదలైంది. అంజలి పైకెక్కి చేతులు చాచింది. మండపం చప్పట్లతో ఊగిపోయింది. కింద చాందిని ఒక అడుగు పక్కకు వేసింది. ఆ అడుగు తివాచీతో సహా సందులోకి దిగిపోయింది. గోపురం ఒక పక్కకు ఒరిగింది. పట్టుకోవడానికి చేతులు లేచేలోపే అంజలి తివాచీ అవతల బండల మీద పడింది. కాలు విరిగిన చప్పుడు ముందు వరసకు వినిపించింది.

నిర్వాహకులు ఏం చేశారని అడుగుతారేమో. పాట గట్టిగా పెట్టారు. కెమెరాను కంపెనీ బ్యానరు మీదికి తిప్పారు. యేసన్న బిడ్డను చేతుల మీద ఎత్తుకుని జనం మధ్యలో నుంచి పోతుంటే, మైకులో ఒకడు తర్వాతి జట్టుకు స్వాగతం పలికాడు.

తర్వాత విచారణ పెట్టారు. ఎక్కడ? చమ్కీ గోదాము పై అంతస్తులో. ఎవరు? బావమరిది, లెక్కల ఆసామి, క్యాలెండర్ అమ్మాయి. తీర్పు ముందే వండి మూతపెట్టి ఉంది. పై పిల్ల టీచరు చెప్పకముందే ఎక్కింది, టీచరు శిబిరానికి రాలేదు, పరుపులు దివ్యంగా ఉన్నాయి. ఆ మాట ఖాయమైతే అంజలి ఇక ఏ పోటీలోనూ నిలబడే వీల్లేదు. అంజనమ్మ ఏ జట్టునూ తాకే వీల్లేదు. కాలు విరిగిన పిల్లే దోషి అవుతుంది.

అంజనమ్మను, చాందినిని, రామకృష్ణయ్యను పిలిపించారు. యేసన్న పిలవకుండానే వచ్చాడు. తువ్వాలు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎందుకొచ్చావని లెక్కల ఆసామి అడిగాడు.

"దుడ్లు అడిగేకి రాలే సారూ. నా బిడ్డది తప్పు లేదని మీరొక్క మాట చెప్తే, ఆ మాట ఇంటికి తీసుకపోదామని వచ్చినా."

అనిల్ కుమార్ పక్క నుంచి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది సార్ ఈళ్ళ కథ."

"మద్దెల నిజంగా ఓడైనప్పుడు ఏమనల్లప్పా? దానికి సామెత లేదా?" అంది అంజనమ్మ.

చాందినిని ముందుకు పిలిచారు. ఆ పిల్ల వణకలేదు. గోపురం కింద నిలబడినట్టే నిలబడింది.

"నా కాలు పరుపుల సందులో పడింది. అంజలి తప్పు లేదు. సందు ఉండాదని టీచరు పొద్దున్నే మా తాతకు చెప్పినారు. మా తాత అట్లే అన్నాడు. నేను ఆడనే ఉండా."

బావమరిదిగారు కుర్చీలో వెనక్కి వాలి, తియ్యగా నవ్వాడు. "రామకృష్ణయ్యగారూ, మీ మనమరాలు చిన్నపిల్ల. స్నేహితురాలు పడిపోయేసరికి బెదిరిపోయి, లేనిపోనిది ఊహించుకుని చెబుతోంది. అంతే కదండీ?"

యేసన్న తువ్వాలు నలపడం ఆపేశాడు. చాందిని తాత ముఖంలోకి చూసింది. కాదు అనే రెండక్షరాలు చాలు. కాలు విరిగిన పిల్ల నిర్దోషి అవుతుంది, తన ఇంటి పిల్ల నిజం చెప్పినదవుతుంది. పాపం, ఆ మాట ఆయన నాలుకకు అలవాటు లేదు కదా అని జాలిపడకండి. రిబ్బన్లమ్మే నాలుక ఎన్ని తిరుగుళ్ళైనా తిరుగుతుంది. బోర్డు మీది ఎర్రక్షరాలు ఆయన కళ్ళ ముందు కదిలాయి, అంతే.

"అట్లే సార్" అన్నాడు రామకృష్ణయ్య.

మెట్లు దిగాక యేసన్న ఆయనకు అడ్డం వచ్చాడు. "శెట్టీ, ఆ పాప చెప్పిందాన్నే నువ్వూ చెప్పింటే సరిపోయేది కదప్పా."

"అట్లే యేసన్నా, అట్లే. పెద్దోళ్ళతో నేను మాట్లాడతాలే" అంటుండగానే యేసన్న తల తిప్పుకుని రోడ్డు దాటిపోయాడు. రైల్లో చాందిని పోయి అంజనమ్మ పక్కన కూర్చుంది. రామకృష్ణయ్య ఎదురు సీట్లో కూర్చుని పల్లీలు కొనిచ్చాడు. ఆ పొట్లం అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక పిల్ల మారిపోయింది. అన్నం తినమంటే, "అట్లే తాతా." కొత్త బట్టలు తెప్పిస్తానంటే, "అట్లే తాతా." గార్లదిన్నెకు మాటిమాటికీ పోవద్దంటే, "అట్లే తాతా." ఎదురు చెప్పడం లేదు, వాదించడం లేదు. కంచంలో అన్నం మాత్రం అలాగే ఉంటుంది, గార్లదిన్నె బస్సు మాత్రం రోజూ ఎక్కుతుంది. రామకృష్ణయ్యకు మొదట్లో సంతోషమే కలిగింది.

"పాపకు బుద్ధొచ్చింది చూడు" అన్నాడు శాంతమ్మతో.

"బుద్ధి కాదు, మీ రోగం వచ్చింది" అంది శాంతమ్మ.

కంపెనీ మాత్రం చేసిన మేలు మరిచిపోయే రకం కాదు. రామకృష్ణయ్యను రాష్ట్ర సంఘానికి ఉపాధ్యక్షుణ్ణి చేశారు. అదే కల్యాణమండపంలో సన్మానం. చైర్మన్ స్వయంగా వస్తాడట. అనిల్ కుమార్ అంగడికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"మామా, చాందిని చెప్పిన మాటలు పేపర్లో జిల్లా పేజీలో పడినాయి. చైర్మన్ సారుకు అదొకటే బాధ. ఆ పాపతోనే నీకు దండ వేపిస్తే, ఆ ఫొటో వేపిస్తాం. అంతా మాసిపోతాది."

"అట్లే" అన్నాడు రామకృష్ణయ్య. అన్నాక గానీ ఆయనకు ఒక సంగతి తట్టలేదు. ఈ అట్లే తీరాలంటే ఇంకొకరి అట్లే కావాలి.

సభ రోజు పొద్దున చాందిని వంటింట్లో శాంతమ్మ చేసిన ఓళిగలు డబ్బాలో సర్దుతోంది. రామకృష్ణయ్య గడప దగ్గర నిలబడ్డాడు. ఎందరో పైవాళ్ళ ముందు నిలబడ్డవాడే. అయినా ఆ గడప దాటలేకపోయాడు.

"పాపా, సభలో నువ్వే నాకు దండ వెయ్యల్ల. వస్తావు కదమ్మా?"

వద్దంటుందని చూశాడు. కాదంటుందని చూశాడు. తిట్టినా బాగుండునని, ఇన్నేళ్ళలో మొదటిసారి, నిజంగా ఆశపడ్డాడు. చాందిని తలెత్తి చిరునవ్వు నవ్వింది. తల ఊపింది.

"అట్లే తాతా."

మండపంలో జనం నిండారు. వేదిక మీద అవే పరుపులు, అదే తివాచీ. పళ్ళెంలో మల్లెల దండ వాడిపోతోంది. చైర్మన్ రెండోసారి వాచీ చూసుకున్నాడు. అనిల్ కుమార్ వచ్చి చెవిలో అడిగాడు.

"మామా, పాప వస్తాండాదా?"

"వస్తాది. అట్లే అనింది" అన్నాడు రామకృష్ణయ్య.

ఆ మాట తన నోట్లోంచి వచ్చి తన చెవినే పడింది. అట్లే అంటే ఎంత విలువో ఆ మండపంలో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బతుకంతా అమ్మిన సరుకు కదా. పైవాళ్ళకు ఇచ్చే రకమేదో, కిందివాళ్ళకు ఇచ్చే రకమేదో, తన మనమరాలు తనకు ఏ రకం కొలిచి ఇచ్చిందో ఆయనకు అర్థమైపోయింది. ఆ సమయానికి చాందిని గార్లదిన్నెలో యేసన్న ఇంటి ముందర ఉంది. కట్టు విప్పిన కాలు నేల మీద మోపడానికి అంజలి భయపడుతుంటే, ఆ పిల్ల చెయ్యి తన భుజం మీద వేయించుకుని కదలకుండా నిలబడి ఉంది.

"ఇంక ఆలస్యం ఎందుకండీ, క్రీడాకారుల ప్రతినిధితో వేయించేద్దామా?" అన్నాడు బావమరిదిగారు.

రామకృష్ణయ్య వాకిలి వైపు ఒకసారి చూశాడు.

"అట్లే సార్" అని మెడ వంచాడు.